ఎడమచేతి ముడి

ట్యాంకరు వచ్చే వేళకీ బడిగంట కొట్టే వేళకీ దిబ్బపాలెంలో ఎప్పుడూ పేచీయే. రెండూ ఒకేసారి వస్తాయి. కృత్తివెన్ను దాటి, రొయ్యల చెరువుల గట్ల మీదుగా సముద్రం వైపు వెళ్తే, ఇంక నా వల్ల కాదన్నట్టు రోడ్డు ఆగిపోయే చోట ఉంటుంది ఆ ఊరు. అక్కడ చిన్నబాబు తన ట్యాంకరు వెనక్కి తిప్పుకోవాలంటే సగం ఊరు అరిచి సాయపడాలి. "రానీ, రానీ... ఆగాగు!" అనే ఆ కేకల్లో బడిగంట ఎవరికీ వినపడదు. చెవులు రెండూ బడి వైపు పెట్టుకుని నిలబడిన ప్రియాంకకి తప్ప.

ఊళ్ళో నీళ్ళు లేక కాదు. ఎటు చూసినా నీళ్ళే. ముందు సముద్రం, వెనక చెరువులు, మధ్యలో చేతిపంపు. ఆ పంపు నీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, టీ పెడితే పాలు విరిగిపోతాయి. అందుకని తాగడానికీ వండడానికీ ట్యాంకరు నీళ్ళే దిక్కు. తెల్లారకముందే బిందెలు వరసలోకి వచ్చేస్తాయి. బిందె లేనివాళ్ళు ఇటుక పెడతారు, ఇటుక లేనివాళ్ళు చెప్పు పెడతారు. వరసలో చెప్పుకి ఉన్న విలువ ఆ ఊళ్ళో కొందరు మనుషులకి కూడా లేదు.

ప్రియాంక వాళ్ళ నాన్న అప్పారావు చీకటితోనే పడవెక్కి వేటకి వెళ్తాడు. అమ్మ గంగాదేవి మొదటి ఆటోలో చేపల గంపతో పెడన వెళ్తుంది. నాయనమ్మ రాజమ్మకి మోకాళ్ళు పనిచెయ్యవు. ఇంక మిగిలింది ఏడో తరగతి చదివే ప్రియాంక. రెండు బిందెలు నింపి, ఇంట్లో దింపి, తడిసిన గౌనుతో బడికి పరిగెత్తేసరికి హాజరు అయిపోతుంది. ఆ బడిలో ఒక అలవాటుంది. పొద్దున్న అందరికంటే ముందు ఎవరొస్తే వాళ్ళే గంట కొట్టాలి. ఒకటో తరగతి నుంచి చదువుతున్నా ప్రియాంకకి ఆ వంతు ఒక్కసారీ రాలేదు. దూరం నుంచి వినడమే.

"ఇవ్వాళ కూడానా ప్రియాంకా?" అనేది సరళ టీచరు, గుమ్మంలో నిలబడ్డ పిల్లని చూసి. ఆవిడ గుడివాడ నుంచి పెడన దాకా రైల్లో, అక్కడి నుంచి ఆటోలో వస్తుంది. అంత దూరం నుంచి తను రాగలిగినప్పుడు వీధి చివరి పిల్ల రాలేకపోవడం ఆవిడకి మొదట్లో చోద్యంగా ఉండేది. ఒకసారి ట్యాంకరు దగ్గరికి వెళ్ళి చూశాక అడగడం మానలేదు గానీ, అడిగే గొంతు మారింది.

సంక్రాంతి సెలవులయ్యాక ఒక రోజు గంగాదేవి చేపలు కడుగుతూ చెప్పేసింది. "ఈ ఏడు అయిపోనీ. జూన్ నుంచి బడి మానెయ్యి."

నీళ్ళు పోస్తున్న ప్రియాంక చెంబు కింద పెట్టేసింది.

"నాకు మాత్రం ఇష్టమా? నీళ్ళెవరు తెస్తారు చెప్పు. ఒకపూట బడికెళ్తావు, ఒకపూట మానేస్తావు. అటూ కాదు, ఇటూ కాదు. నేను తెద్దునా? గంప దింపి కూర్చుంటే ఇంట్లో పొయ్యి ఎట్టా వెలుగుద్ది? నువ్వే చెప్పవే, నేను వింటా."

అమ్మ కోప్పడి ఉంటే ఏడవడానికైనా వీలుండేది. అమ్మ నిజంగానే అడిగింది.

బడి పక్కన ఫిల్టరు షెడ్డు ఒకటుంది. ఎవరో పెద్దమనిషి రిబ్బను కత్తిరించి, ఫొటో దిగి, మిషను పెట్టించి వెళ్ళాడు. ఆ వేసవికే మిషనుకి ఉప్పు పట్టి ఆగిపోయింది. ఇప్పుడందులో ఒక మేక కాపురం ఉంటోంది. అది బాగుపడితే బడి దగ్గరే నీళ్ళు దొరుకుతాయి, ట్యాంకరు కోసం ఎవరూ నిలబడక్కర్లేదు. బాగుచెయ్యడానికి డబ్బు కావాలి. ఎవరినడిగినా వచ్చే ఏడు చూద్దామంటున్నారు. ఆ మాట క్లాసులో వచ్చినప్పుడు లీడరు గణపతి లేచాడు.

"ప్లాస్టిక్ కవర్లు వాడొద్దంటున్నారు కదా టీచర్. మనం వల సంచులు అల్లి అమ్మితే? కూరగాయలు వేసుకుంటారు. గుడివాడలో అయితే కొంటారు."

అందరూ ఒప్పుకున్నారు. వల అల్లడం అక్కడి పిల్లలకి ఒకరు నేర్పాల్సిన పని కాదు. చిరిగిన వలల్లో పనికొచ్చే దారం తీసి, అల్లే సూదికి చుట్టుకుని, సంచులు మొదలుపెట్టారు. గంగాదేవి పెడన అద్దకం షెడ్లలో మిగిలిపోయిన కలంకారీ ముక్కలు అడిగి తెచ్చింది. వాటిని కుట్టి చేతులు పెట్టారు. నెమలిబొమ్మ సగం ఒక చేతికీ, మిగతా సగం ఇంకో చేతికీ వచ్చేది.

ఎక్కువ సంచులు అల్లింది ప్రియాంక. బడికి తక్కువ వెళ్ళేది ఆ పిల్లే కాబట్టి. ట్యాంకరు వరసలో నిలబడి, బిందెని కాలితో జరుపుకుంటూ అల్లేది. ఫిల్టరు బాగుపడితే అమ్మ అడిగిన ప్రశ్నకి సమాధానం దొరికినట్టే. అది తప్ప ఆ పిల్లకి వేరే ఆలోచన లేదు.

ఒకటే చిక్కు. ప్రియాంకది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు రాజమ్మ తన పాత చీర అంచు చింపి, మనవరాలి ఎడమచెయ్యి నడుముకి కట్టేసి తిప్పేది. అన్నం తినడం, దణ్ణం పెట్టడం, పలక మీద రాయడం అన్నీ కుడిచేతికి వచ్చాయి. ముడి ఒక్కటీ రాలేదు. సూది పట్టుకుంటే చాలు, అదెప్పుడు ఎడమచేతిలోకి వెళ్ళిందో ఆ పిల్లకే తెలియదు. ఎడమచేత్తో వేసిన ముడి తిరగబడి పడుతుంది. అందరి ముళ్ళూ ఒక వైపు, ప్రియాంక ముళ్ళు రెండో వైపు. రెండూ కలిసిన చోట వల మెలిపడుతుంది. అందుకని అప్పారావు కూతుర్ని తన వలల దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

"వలంటే గంగమ్మ తల్లి. ఎడంచేత్తో ముట్టుకుంటే అలుగుద్ది," అనేవాడు. "సంచులంటే మీ ఇష్టం. నా వల జోలికి మాత్రం రాకు."

సంచులు కొన్ని బందరు కోనేరు సెంటర్లో అమ్మారు. మిగతావి గుడివాడలో అమ్మిపెట్టింది సరళ టీచరుగారి మామగారు పిచ్చేశ్వరరావుగారు. పొలాలు కౌలుకిచ్చి, రైసుమిల్లు కొడుక్కి అప్పగించి, పొద్దు ఎలా గడపాలా అని చూస్తున్న మనిషి. ఇంటింటికీ తిరిగి, వద్దన్నవాళ్ళతో వాదించి మరీ అమ్మాడు. పిల్లల డబ్బా నిండుతూ వచ్చింది.

మార్చిలో ఒక ఆదివారం ఆయన కారు దిబ్బపాలెం వచ్చి ఆగింది. వెనక సీట్లో సరళ టీచరు ఇబ్బందిగా కూర్చుని ఉంది. ముందు సీట్లో, బెల్టు పెట్టించుకుని, నిండా నీళ్ళతో ఒక వల సంచి కూర్చుని ఉంది.

"చూడండమ్మా," అన్నాడాయన సంచిని రెండు చేతులా ఎత్తి దింపుతూ. "టమాటాలు కడుగుదామని సంచితో సహా కుళాయి కింద పెట్టాను. నిండింది. నిండి అలాగే కూర్చుంది. నిన్న పొద్దున్నించి ఒక్క చుక్క కారలేదు. వల సంచి అన్నాక కారాలా, వద్దా?"

"కారాలండీ," అన్నాడు గణపతి తలొంచుకుని.

"మా కాలనీలో ఇంకో నలుగురిదీ ఇదే గొడవ. వానలో తడిస్తే స్వర్ణలతగారి ఉల్లిపాయలు నీళ్ళలో నానిపోయాయిట. నన్ను పట్టుకుని దులిపేసింది. అమ్మింది నేను కదా మరి!"

"మావయ్యగారూ, పిల్లలండీ..." అంది సరళ టీచరు.

"పిల్లలైతే? సరుకు సరుకేనమ్మా."

ఊరంతా చేరి సంచి చుట్టూ నిలబడ్డారు. వల కన్ను కన్నులోంచీ అవతలి మనిషి కనపడుతున్నాడు గానీ నీళ్ళు మాత్రం కదలడం లేదు. ఎవరల్లారు ఇదని అడగాల్సిన పనే లేకపోయింది. ముళ్ళు చూస్తే తెలిసిపోతోంది. ఇంత అధ్వాన్నమైన పనితనమా అన్నట్టు అందరూ ప్రియాంక వైపు చూశారు.

రాజమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి, సంచిలో నాలుగు వేళ్ళు ముంచి నోట్లో పెట్టుకుంది. "ఎక్కడి నీళ్ళు బాబూ ఇవి?"

"గుడివాడ మునిసిపాలిటీ నీళ్ళమ్మా."

"తియ్యగా ఉన్నాయి. పారబొయ్యకండి." గ్లాసు తెప్పించుకుని తాగింది. తలో గ్లాసూ తాగి సంచి ఖాళీ చేశారు. తర్వాత గణపతి దాన్ని చేతిపంపు కింద పెట్టి కొట్టాడు. నీళ్ళు సంచిలో ఒక్క క్షణం కూడా ఆగకుండా అతని కాళ్ళ మీద పడ్డాయి. సముద్రంలో ముంచి ఎత్తాడు. అంతే, ఖాళీ.

"ఉప్పు నిలవదన్నమాట. మంచినీళ్ళే నిలుస్తాయి," అంది రాజమ్మ, ఇవ్వాళ చందువా చేప ధర తగ్గిందన్నట్టు. వంటలవేళైందని ఆడవాళ్ళు ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. పిచ్చేశ్వరరావుగారు గణపతి అల్లిన సంచి ఒకటి మార్చుకుని, దాంట్లోంచి చెంబెడు నీళ్ళు పోసి, సుబ్బరంగా కారిపోయాక తృప్తిగా కారెక్కాడు.

మర్నాడు గణపతి ప్రియాంకని పక్కకి పిలిచాడు. "నీ సంచులు ఇంక పెట్టొద్దులే ప్రియాంకా. మన పేరు పోద్ది. తిరిగొచ్చినవాటికి మళ్ళీ కొత్తవి ఇవ్వాలి."

"అందరికంటే ఎక్కువ నేనే అల్లాగా!"

"అందుకే చెప్తున్నా."

ప్రియాంకకి దుఃఖం వచ్చింది. ఆ చేత్తో తింటే తప్పన్నారు, దణ్ణం పెడితే తప్పన్నారు. ఇప్పుడు ఊరికి పనికొచ్చే ఒక్క పనికీ అది తప్పయి కూర్చుంది. ఇసకదిబ్బ మీద నాన్న వలలారేయడానికి పాతిన సరుగుడు బాదుల వెనక కూర్చుని కరువుతీరా ఏడ్చింది. చేతిలో ఉన్న సంచిని బాదుకి తగిలించేసి, సూది తీసుకెళ్ళి నాన్న పెట్టెలో పెట్టేసింది. తర్వాత వరసలో ఉత్త చేతులతో నిలబడటం మొదలుపెట్టింది. అలా నిలబడితే ట్యాంకరు ఇంకా ఆలస్యంగా వస్తున్నట్టనిపించేది.

ఏప్రిల్ నెల సగమయ్యాక వేట నిషేధం మొదలైంది. పడవలు ఇసకలోకి ఎక్కాయి. మగవాళ్ళు బాదుల నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. ఆ వారంలోనే ఒక సాయంత్రం ఎక్కడా లేని గాలి లేచి, మామిడికాయలు రాల్చే వాన ఒకటి కురిసి పోయింది.

పొద్దున్నే బిందెలతో బయల్దేరిన ప్రియాంక బాదుల దగ్గర ఆగిపోయింది. తను తగిలించి మరిచిపోయిన సంచి నీళ్ళతో నిండి, సాగి సాగి, బానంత అయి వేలాడుతోంది. పక్కనే నాన్న వలలు ఎప్పుడో ఆరిపోయాయి. ప్రియాంక బిందె కింద పెట్టి, సంచి కన్నులో వేలు దూర్చి కాస్త వెడల్పు చేసింది. సన్నటి ధార పడింది. వేలు తీసేస్తే ఆగింది. మళ్ళీ దూర్చింది. రెండు బిందెలూ నిండాయి.

ఆ రోజు గంట మోగకముందే ఆ పిల్ల బడికి చేరింది. సరళ టీచరు కంగారుపడింది.

"ఏమ్మా, ఒంట్లో బాగానే ఉందా? ట్యాంకరు రాలేదా?"

"సంచి నిండింది టీచర్."

"ఓహో," అని ఆవిడ హాజరు పిలిచింది. మొదటిసారి ఆ పేరు దగ్గర జవాబు వచ్చింది. ఆ తర్వాత చెప్పిన పాఠం మాత్రం ప్రియాంక చెవికెక్కలేదు. సంచి అయితే రెండు బిందెలు. మరి వల అయితే? నాన్న పెద్ద వలంత వల అయితే?

సెలవులు ఇచ్చే ముందు రోజు ఫిల్టరు చూడడానికి బందరు నుంచి మెకానిక్ చంద్రశేఖర్ వచ్చాడు. మేకని అదిలించి లోపలికి వెళ్ళి, కాసేపటికి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"లోపల సామానంతా మార్చాలి. మీ డబ్బులు సరిపోతాయిలే గానీ, గ్యారంటీ మాత్రం ఇవ్వలేను. ఈ ఉప్పుకి ఏ ఫిల్టరూ ఏడాది ఆగదు. నిజం చెప్తున్నా, మళ్ళీ నన్ను తిట్టొద్దు."

ఆయన వెళ్ళిపోయాక క్లాసంతా మొహాలు వేలాడేసుకుని కూర్చుంది. ప్రియాంక లేచింది. మనం దారం కొందాం, ఎడమచేతి ముళ్ళతో ఒక పెద్ద వల అల్లి దిబ్బ మీద బాదులకి కడదాం, వాన పడితే ఊరందరికీ నీళ్ళు, అని గబగబా చెప్పేసింది.

"ఇది అందరి డబ్బు," అన్నాడు గణపతి. "వాన పడకపోతే? వల తెగిపోతే? అప్పుడు ఫిల్టరూ ఉండదు, డబ్బూ ఉండదు."

"తెగితే నేను జూన్లో బడికి రాను. వల లేకపోయినా రాను. మా అమ్మ చెప్పేసింది."

గణపతికి ఆ సంగతి తెలియదు. ఎవరికీ తెలియదు. సరళ టీచరు కిటికీ వైపు తిరిగి నిలబడింది. గణపతి కొంచెంసేపు బల్ల మీద గోటితో గీసి, తర్వాత చెయ్యెత్తాడు. అతను ఎత్తాక మిగతా చేతులు ఒక్కొక్కటే లేచాయి.

బందరు నుంచి దారం వచ్చింది. అసలు తంటా అప్పుడే మొదలైంది. కుడిచేత్తో వేసిన ముడి నీళ్ళు ఆపదు. గణపతి తెలివిగా కుడిచేత్తోనే ముడిని తిప్పి వేసి చూశాడు. కారిపోయింది. చెయ్యి మారాల్సిందే. పిల్లలంతా ఎడమచేతుల్లో సూదులు పట్టుకుని దిబ్బ మీద కూర్చున్నారు. అది చూసి తల్లులు పరిగెత్తుకొచ్చారు. సెలవుల్లో ఈ దిక్కుమాలిన అలవాటేంటని చెవులు మెలేసి, ఎవరి పిల్లల్ని వాళ్ళు లాక్కుపోయారు. రెండు పూటలు గడిచేసరికి దిబ్బ మీద ప్రియాంక ఒక్కతే మిగిలింది. గణపతి వాళ్ళమ్మకి తెలియకుండా వచ్చి దారం చుట్టిపెట్టి పోయేవాడు.

అప్పారావు అక్కడికి పదడుగుల్లోనే కూర్చుని తన వల బాగుచేసుకునేవాడు. కూతురి వైపు వీపు పెట్టి. ఎవరైనా "ఏం బావా, మీ అమ్మాయి పెద్ద పనే పెట్టిందే!" అని గిల్లితే వినపడనట్టు దారం కొరికేవాడు. ప్రియాంక ఎడమచేతి వేళ్ళు బొబ్బలెక్కాయి. గుడ్డ చుట్టుకుని అల్లింది. అల్లగా అల్లగా వల ఒక దుప్పటంత అయింది. కావాల్సింది ఊరంత.

మే నెల జారిపోతోంది. సముద్రం మీద మబ్బులు పుట్టి, ఊరికే తిరిగి వెళ్తున్నాయి. ఇవాళో రేపో నిలబడేలా ఉన్నాయి. గంగాదేవి రోజూ చెరువు చేపలు అమ్ముకుని పెడన నుంచి వస్తూ దిబ్బ వైపు చూసేది. కూతుర్ని బడి మానెయ్యమన్న నోరు ఆవిడదే. ఆ పిల్ల వేళ్ళకి రాత్రిపూట కొబ్బరినూనె రాసేదీ ఆవిడే. ఒక సాయంత్రం గంప దింపకుండానే మొగుడి ముందు నిలబడింది.

"నీ కుడిచేతి వల ఎన్ని బిందెలు నింపిందయ్యా?"

"ఏం మాటలే అవి?" అన్నాడు అప్పారావు.

"మంచి మాటే. అది అలిసిపోయి ఆపేస్తే జూన్లో దాన్ని వరసలో నిలబెట్టాలి. నిలబెడతావా, నీ చేత్తో? నేనైతే నిలబెట్టలేను."

రాజమ్మ గుమ్మంలోంచి అంతా విన్నది. మర్నాడు పొద్దున్న ఆవిడ ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ బాదుల దాకా నడిచి వచ్చింది. మోకాళ్ళు పాడయ్యాక ఆవిడ అంత దూరం రావడం అదే మొదలు. చేతిలో ఒక చీర అంచు ముక్క ఉంది, వెలిసిపోయి, కట్టినచోట్ల ముడతలు పడి. ప్రియాంక దాన్ని చూడగానే గుర్తుపట్టింది.

"అప్పన్నా, చెయ్యి ఇటివ్వు. అది కాదు, కుడిచెయ్యి."

"ఏంటమ్మా ఇది, అందరి ముందూ..."

"ఇవ్వమన్నానా!"

అప్పారావు ఇచ్చాడు. రాజమ్మ ఆ చేతిని అతని నడుముకి ఆనించి, అంచు ముక్క రెండు చుట్లు చుట్టి గట్టిగా కట్టింది.

"దీనికి కట్టినప్పుడు ఇది ఏడవలేదు. నువ్వూ ఏడవకు," అంది. "గంగమ్మకి రెండు చేతులూ ఉన్నాయిలే. పో, పిల్ల పక్కన కూర్చో."

వలవాళ్ళంతా పని ఆపి చూస్తున్నారు. అప్పారావు లేచి, పదడుగులు నడిచి, కూతురి పక్కన చతికిలబడ్డాడు. ప్రియాంక అతని ఎడమచేతికి సూది ఇచ్చింది. సముద్రం మీద ఏ గాలికైనా జంకని మనిషి చేతిలోంచి సూది ఇసకలో పడింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"బొటనవేలు కింద పెట్టు నాన్నా. దారం బయటి నించి తీసుకురా. లాగకు, లాగకు... ఇప్పుడు లాగు."

ముడి పడింది. వంకర ముడి. అప్పారావు జీవితంలో అంత చెత్త ముడి వేసి ఉండడు. ప్రియాంక తను తాగే సీసాలోంచి దాని మీద నాలుగు చుక్కలు పోసింది. చుక్కలు ముడి మీదే నిలిచాయి, అటూ ఇటూ ఊగాయి గానీ కిందికి రాలేదు.

"పడిందా?" అన్నాడు అప్పారావు చిన్నపిల్లాడిలా.

"పడింది నాన్నా."

అప్పారావు నవ్వబోయి, కళ్ళు తుడుచుకోవడానికి కుడిచెయ్యి లేపబోయాడు. అది కట్టేసి ఉంది. ప్రియాంకే తుడిచింది. బొబ్బలెక్కిన ఆ వేళ్ళని అప్పుడు దగ్గరగా చూశాడతను.

మధ్యాహ్నానికి నవ్వినవాడే వచ్చి తువ్వాలుతో తన కుడిచెయ్యి కట్టించుకున్నాడు. తర్వాత ఇంకొకడు. వేట లేని రోజులు, చేతులకి ఎలాగూ పనిలేదు. రెండో నాటికి ఊళ్ళో మగవాళ్ళంతా కుడిచేతులు నడుములకి కట్టుకుని, దిబ్బ మీద గుండ్రంగా కూర్చుని, పన్నెండేళ్ళ పిల్ల చేత చీవాట్లు తింటున్నారు. "మావయ్యా, అది కుడి ముడి, విప్పు." "బాబాయ్, మళ్ళీ మెలేశావు." తండ్రులే కూర్చున్నాక తల్లులు పిల్లల్ని ఆపలేకపోయారు. ఆడవాళ్ళు అన్నాలు తెచ్చి, ఎడమచేత్తో తినరాక తిప్పలు పడుతున్న మొగుళ్ళని చూసి పడీపడీ నవ్వారు. కట్లు విప్పుకుని తినొచ్చని ఎవరికీ తోచలేదు.

వేట నిషేధం ముగిసే నాటికి వల పూర్తయింది. నీళ్ళ బరువు సంగతి తనకి వదిలెయ్యమన్నాడు అప్పారావు. సరుగుడు బాదులు లోతుగా పాతించి, పడవల లంగరు తాళ్ళతో వలని నాలుగు వైపులా లాగి కట్టాడు. మనిషి ఎత్తున, దిబ్బ ఈ చివరి నుంచి ఆ చివరికి. కింద నిలబడి చూస్తే ఆకాశం చిన్న చిన్న కన్నులుగా కనపడుతోంది. వాన లేదు. రేపు బడి తెరుస్తారు, మబ్బు ఉంది, వాన లేదు.

ఆ మధ్యాహ్నం ఊరు ఊరంతా ఏదో పనున్నట్టు దిబ్బ దగ్గరే తచ్చాడింది. సముద్రం వైపు నుంచి గాలి తిరిగింది. ముందు అలల తుంపర వచ్చి వల మీద పడి, ఉప్పుచుక్కలుగా కిందికి కారిపోయింది. గణపతి నాలిక చాపి, ఛీ అన్నాడు. ఆ తర్వాత వాన దిగింది. బాదులు కిర్రుమన్నాయి, తాళ్ళు బిగిశాయి. అందరూ పైకి చూస్తూ తడుస్తున్నారు. కాసేపటికి వల కింద నిలబడ్డవాళ్ళు తడవడం ఆగిపోయింది. చుట్టూ వాన కురుస్తోంది, వల కింద మాత్రం ఇసక పొడిగా ఉంది. నెత్తి మీద నీళ్ళు పొట్ట వేస్తూ దిగుతున్నాయి. అప్పారావు చేతులు రెండూ పైకెత్తి, బరువు చూస్తున్నట్టు వలని ఆనించి చూశాడు. ఒక్క ముడీ జారలేదు.

"ఇంటికి పోండి, జలుబు చేసిద్ది," అంది రాజమ్మ. తను మాత్రం కదల్లేదు.

మర్నాడు గంగాదేవి గంప సర్దుకుంటూ కూతుర్ని లేపింది. "లేవవే. బడి టైమయింది." అంత మామూలుగా అంది. ప్రియాంక లేచి కూర్చుని అమ్మ మొహం చూసింది. అమ్మ మొహం తిప్పుకుని, గంప మీద తడిగోనె కప్పుకుంది.

ఆ పొద్దున చిన్నబాబు ట్యాంకరు ఎప్పటి వేళకే వచ్చింది. వరసలో బిందెలు లేవు, ఇటుకలు లేవు, చెప్పులు లేవు. ఆడవాళ్ళు తీరిగ్గా దిబ్బ మీదికి వెళ్ళి, వల కన్నులో వేలు దూర్చి, బిందె నింపుకుని వస్తున్నారు. వెనక్కి తిప్పుకోడానికి రానీ, ఆగు అనేవాళ్ళు లేక చిన్నబాబు ఇంజను ఆపేసి దిగాడు.

ఎన్నాళ్ళకో ఊళ్ళో ఆ వేళప్పుడు నిశ్శబ్దంగా ఉంది. అందుకని బడిగంట అందరికీ వినపడింది. వలలు పడవకెక్కిస్తున్న అప్పారావుకి వినపడింది. గుమ్మంలో కూర్చున్న రాజమ్మకి వినపడింది. మొదటి ఆటో పోనిచ్చి రెండో ఆటో ఎక్కబోతున్న గంగాదేవికి వినపడి, ఒక కాలు పైన పెట్టి ఆగింది.

"ఇవ్వాళేంటి, ఇంతసేపు కొడుతున్నారు?" అన్నాడు ఆటోవాడు.

కొడుతున్నది ప్రియాంక. ఎడమచేత్తో.